నాన్న కొనే రాళ్లు, నాకొచ్చే వాటా: పాపం కూడా పంపకాల్లో వస్తుందా?

గుణుపురం ఆడపడుచు అడిగిన ప్రశ్న

మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంత రోజున నాన్న నోట సవర, అంటే కొండల మీది సవర గిరిజనుల భాష, కూడా వినబడేది. ఆయన నలభై ఏళ్లకు పైగా కొండసరుకు కొన్నారు: చింతపండు, జీడిపిక్కలు, కందులు, పసుపు.

పోయిన దీపావళి తరువాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. బరంపురంలో చూపించి ఇంటికి తెచ్చుకున్నాం. పలకరించడానికి వచ్చినవారిలో పక్కింటి పెద్దావిడ మా అమ్మ ఎదుటే అంది, "తూకం వేసిన చెయ్యే పడిపోయింది, చూశారా" అని. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ మాటలో మొదటి సగం నిజం కాబట్టి నేను ఏమీ అనలేకపోయాను.

మా దుకాణంలో తూకం రాళ్లు రెండు జతలు. కొనే రాళ్లు, అమ్మే రాళ్లు. పిల్లలమైన మాకు కూడా ఆ తేడా తెలుసు, ఒకటి తెమ్మంటే రెండోది తెస్తే తిట్లు పడేవి. ఇనుప గుండుకు ఒక గుంట ఉంటుంది. బరువు సరిచెయ్యడానికి అందులో సీసం పోసి, దాని మీద తనిఖీ ముద్ర వేస్తారు. కొనే రాళ్లలో ఆ గుంటను పెద్దది చేయించి సీసం ఎక్కువ పోయించారు. ఐదు కిలోలని రాసి ఉన్న గుండు నిజంగా తూస్తే ఐదున్నర.

ఈ మధ్య పాత లెక్కల పుస్తకాలు, చిట్టా, ఆవర్జా తీసి చూశాను. ఒక ఏడాది చింతపండు అరవై క్వింటాళ్లు కొన్నట్టు ఉంది. పార్వతీపురానికి, పలాసకు అమ్మినది అరవై నాలుగు. ఎండేకొద్దీ తగ్గవలసిన చింతపండు మా గోదాములో పెరిగింది! వానాకాలంలో బియ్యం, ఉప్పు అప్పిచ్చి పంట రాకముందే ధర కట్టేసుకోవడం ఇంకో లెక్క. అది అన్ని దుకాణాల్లోనూ ఉన్నదే, నాన్న కనిపెట్టింది కాదు.

ఆయన దుర్మార్గుడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆడపిల్లకు చదువెందుకని చుట్టాలు గొణిగినా నన్ను ఉపాధ్యాయురాలిని చేశారు. కార్తికమాసమంతా తెల్లవారకముందే నీలకంఠేశ్వరుడి గుడికి వెళ్లేవారు. పుణ్యం ఒక పద్దు, వ్యాపారం ఒక పద్దు. ఆయన మనసులో ఆ రెండు పుస్తకాలూ ఏనాడూ కలవలేదనుకుంటాను.

ఇప్పుడు అన్నయ్య పంపకాలు చేసేద్దామంటున్నాడు. ఇల్లు, గోదాము, బజారులో రెండు దుకాణం గదులు. ఒక గది నాకట. "ఆయన అనుభవించేశాడు, లెక్క తీరిపోయింది, నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు" అంటుంది అమ్మ. నాకు మింగుడుపడనిది సరిగ్గా ఇదే. ఎవరి లెక్క తీరింది? పుట్టాసింగి వైపు కొండల నుంచి గంప నెత్తిన పెట్టుకుని దిగివచ్చిన మనిషికి రావలసిన అరకిలో డబ్బు, నాన్న చెయ్యి పడిపోతే చేరిందా? పక్కింటావిడ "కర్మ" అంటుంది, అమ్మ "తీరిపోయింది" అంటుంది. రెండింటిలోనూ ఆ గంప మోసిన మనిషి లేనేలేడు.

శ్లోకాలు చెప్పేవారు చెప్పండి, చట్టం చెప్పేవారు చెప్పండి. ఆ మనిషిని మాత్రం వదిలేసి చెప్పకండి. ఆ గది నేను తీసుకోవచ్చా?

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, రిటైరైన తెలుగు మాస్టారిని. పొరుగావిడ మాట ముందు పక్కన పెడదాం. కర్మను మనవాళ్లు మూడుగా చెబుతారు. జన్మజన్మల నుంచి పోగైనది సంచితం. అందులో ఈ శరీరం అనుభవించడానికి మొదలైనది ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తున్న పనుల వల్ల ముందుకు చేరేది ఆగామి. ఇంతవరకు చెప్పిన శాస్త్రం, ఫలానా కష్టం ఫలానా పనికి వచ్చిన ఫలితమని వేలు పెట్టి చూపించే అధికారం మాత్రం పరామర్శకు వచ్చినవారికి ఇవ్వలేదు. "గహనా కర్మణో గతిః" అని గీత నాలుగో అధ్యాయం. కర్మ నడిచే దారి అంతుపట్టనిదని కృష్ణుడే అంటుంటే, మన వీధిలో అందరికీ ఎలా అంతుపడుతోందో!

భారతం అనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన గౌతమి కథ ఉంది. ఆమె కొడుకును పాము కరిచింది. బోయవాడు పామును పట్టి తెచ్చి "ఎలా చంపమంటావు" అన్నాడు. పాము, మృత్యువు పంపితే వచ్చానంది. మృత్యువు వచ్చి, కాలం పంపితే పంపానంది. కాలపురుషుడు వచ్చి, మా ఎవరిదీ కాదు, వాడి కర్మే వాణ్ణి చంపిందన్నాడు. కథ ఇంతే అనుకుంటారు చాలామంది. కానీ గౌతమి మొదటి నుంచీ అంటున్నది పామును వదిలెయ్యమని. చంపితే కొడుకు రాడు కదా అన్నది ఆమె వాదన. అంటే కర్మ సిద్ధాంతం ఆమె నోట క్షమకు పనికి వచ్చింది. మీ పక్కింటావిడ నోట అది ఎత్తిపొడుపు అయింది.

ఇక ప్రాయశ్చిత్తం. శ్రీకూర్మంలో చేయించండి, దానాలు ఇవ్వండి అని చాలామంది చెబుతారు. నేనూ కాదనను. కానీ మనుస్మృతి పదకొండో అధ్యాయంలో చిన్న దొంగతనాలకు కృచ్ఛ్రమనే ఉపవాసవ్రతం చెప్పినచోట, తీసుకున్న వస్తువును తిరిగి ఇచ్చి ఆ వ్రతం చెయ్యమని ఉంది. ఇవ్వడం ముందు, ఉపవాసం తరువాత. మనం ఆ మొదటి మాటను సౌకర్యంగా మరిచిపోయాం.

సోంపేట సిస్టర్

నేను ఆసుపత్రిలో పనిచేసేదాన్ని కాబట్టి నా కోపం వేరే. మెదడు ఎడమ భాగంలో రక్తనాళం మూసుకుపోయినా చిట్లినా కుడివైపు పడిపోతుంది. చాలామందికి మాట ఉండేది కూడా ఎడమవైపే. అందుకే రెండూ కలిసి పోతాయి. తూకం వెయ్యని చేతులు కూడా వార్డులో రోజూ చూస్తాను. రక్తపోటు, చక్కెర, పొగాకు. అడగండి, మీ నాన్నగారికి ఇందులో ఒకటైనా ఉండే ఉంటుంది. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు పడాలి. మీ గుణుపురం నుంచి బరంపురం చేరి, పరీక్షలు అయ్యేసరికి ఆ సమయం ఎంత మిగులుతుంది? ఇది కూడా ఒక కారణమే, దీన్ని ఎవరి పూర్వజన్మ ఖాతాలో రాస్తారు?

మా ఉద్దానం సంగతి మీకు తెలుసు. కిడ్నీల జబ్బు, ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. కొబ్బరితోటల్లో కూలి చేసుకునేవాళ్లు, జీడితోటల వాళ్లు డయాలసిస్ మంచాల మీద. జబ్బు పాపానికి గుర్తయితే, పాపులందరూ సోంపేట, కవిటి, పలాస మండలాల్లోనే పుట్టారా?

పెద్దవాళ్లు కూడా ఈ మాటలో జారినవారే. 1934 జనవరిలో బీహార్ భూకంపం వచ్చినప్పుడు, అది అస్పృశ్యత అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీ. అస్పృశ్యత విషయంలో ఆయన పక్షమే అయిన టాగూరు ఈ మాటను బహిరంగంగా ఖండించారు. ప్రకృతి ఉత్పాతానికి, నీతికి ముడిపెట్టడం తప్పన్నారు. కూలిన ఇళ్ల కింద ఉన్నవారిలో అంటరానివారని పక్కన పెట్టినవారు లేరా మరి?

మీ ఊరి దగ్గర పారే వంశధారే కిందికి వచ్చి శాలిహుండం బౌద్ధ స్తూపాల పక్కగా సముద్రంలో కలుస్తుంది. ఆ బుద్ధుణ్ణి శివకుడనే సంచార సన్యాసి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలితమేనా అని అడిగాడు. కాదన్నాడాయన. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువు మార్పు, అజాగ్రత్త, ఇతరులు కొట్టడం, వీటన్నిటి తరువాత ఎనిమిదోదిగా కర్మను చెప్పాడు. ఎనిమిదింటిలో ఒకటి! మనం మిగతా ఏడూ తుడిచేశాం.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మాట పోయిందన్నారు. వినడం, అర్థం చేసుకోవడం పోయాయని అనలేదు. పక్కింటావిడను అడిగారు, అమ్మగారిని అడిగారు, ఇక్కడ మమ్మల్ని అడిగారు. ఆయనను అడిగారా?

పార్వతీపురం వకీలు

చట్టం వరకు చెబుతాను. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికి పుట్టుకతో హక్కు వచ్చింది ఉమ్మడి కుటుంబ ఆస్తిలో. మీ నాన్నగారి స్వార్జితంలో, ఆయన బతికుండగా మీకూ లేదు, మీ అన్నగారికీ లేదు. కాబట్టి "పంపకం" అన్న మాటే తొందర. ఆయన స్పృహతో, ఇష్టంతో రాసిస్తే తప్ప ఎవరికీ గది లేదు. సిస్టర్ గారు అడిగిన ప్రశ్న చట్టం కూడా అడుగుతుంది.

తండ్రి అప్పు కొడుకు తీర్చడం ధర్మమనే పాత సూత్రాన్ని కూడా ఆ సవరణే, అప్పటి నుంచి చేసిన అప్పుల విషయంలో, ఎత్తేసింది. పాత ధర్మశాస్త్రంలోనైనా జూదం, తాగుడు వంటి అధర్మపు అప్పులు కొడుకు మోయనక్కరలేదు. అంటే మోసం ఎంత పెద్దదైతే వారసుడికి అంత వెసులుబాటు! తమాషాగా లేదూ?

అయితే ఆవర్జాలో ఎక్కడైనా పొలం కాగితాలు కనబడితే మాత్రం ఊరుకోకండి. మీ జిల్లా షెడ్యూల్డు ప్రాంతం. ఒడిశాలో 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ప్రకారం అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు. 2002లో దాన్ని ఇంకా బిగించారు. అది పాపపుణ్యాల సంగతి కాదు, తిరిగి ఇచ్చెయ్యవలసిందే.

గుణుపురం ఆడపడుచు

అందరికీ నమస్కారం. మాస్టారూ, మీ గౌతమి కథ రెండు రోజులు నన్ను వదలలేదు. కానీ ఒక పేచీ ఉంది. క్షమించే హక్కు గౌతమిది, కొడుకును పోగొట్టుకున్నది ఆమె కాబట్టి. మా ఇంట్లో క్షమించేస్తున్నది ఎవరు? చింతపండుతో కట్టిన ఇంట్లో కూర్చున్న మేము. మా అత్తగారు రత్నాకరుడి కథ చెప్పారు, వాల్మీకి కాకముందు దారి కొట్టిన కథ. తెచ్చింది తింటాం గానీ పాపంలో వాటా మాకొద్దని పెళ్లాం బిడ్డలు అన్నారు, అతనికి కళ్లు తెరుచుకున్నాయి, తపస్సు చేశాడు, పుట్ట పెరిగింది. బాగుంది. దారిలో దోచుకున్నవారి మూటలు ఏమయ్యాయి? మా అత్తగారు నవ్వి, "నువ్వు కథ చెప్పనివ్వవు" అన్నారు.

సిస్టర్ గారూ, మీ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమే, నాన్నను అడగలేదు. మొన్న అడిగాను. అన్నయ్య లేనప్పుడు ఆవర్జా తీసుకువెళ్లి పక్కన కూర్చుని పేర్లు చదివాను. కొన్నింటికి తలూపారు, కొన్నింటికి అడ్డంగా ఊపారు. ఒక పేరు దగ్గర ఎడమ చేత్తో పుస్తకాన్ని తోసేశారు. అది బాధో, చిరాకో, నా మీద కోపమో తెలియలేదు. నాకు నచ్చిన అర్థం దానికి తగిలించను. మర్నాడు మళ్లీ చదివితే విన్నారు.

వకీలు గారూ, పొలం కాగితాలు ఇంతవరకు కనబడలేదు. ఇంకా మూడు పుస్తకాలు చూడాలి.

అమ్మ మాత్రం, ఆ డబ్బేదో అన్నదానానికి ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంటోంది. గుడిలో పేరు కూడా చెక్కుతారట.

సీతంపేట కొండ మీది నుంచి

నేను సవర కుటుంబంలో పుట్టినవాణ్ణి, తెలుగులో చదువుకున్నాను. మీ దుకాణం నేను చూడలేదు, అటువంటి దుకాణాలు మాత్రం చిన్నప్పుడు చాలా చూశాను. మీ ప్రశ్నలోని గంప మోసిన మనిషి తరఫున మాట్లాడుతున్నానని అనుకోకండి, ఆ మనిషి ఒకరు కాదు.

ముందుగా, మావాళ్లకు తెలుసు. రాయి బరువని మా నాయనమ్మకు తెలుసు, చేత్తో ఎత్తి చూస్తే ఐదుకు, ఐదున్నరకు తేడా తెలియనిది ఎవరికి? తెలిసి ఇచ్చేవారు. సంచి మళ్లీ కొండెక్కించలేక, ఉప్పు లేకుండా ఇంటికి పోలేక, పోయిన వానాకాలం తిన్న బియ్యం అప్పు ఆ దుకాణంలోనే ఉండి. మాలో కొందరు చింతపండు కింద తడి వేసేవారు, గింజ తియ్యకుండా ముద్దలు చేసేవారు. అదీ చెప్పాలి. మమ్మల్ని అమాయకులని రాసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయితే మా తడి ఎండలో ఆరిపోయేది. మీ సీసం ఆరేది కాదు.

కర్మ అన్న ఆలోచన మా పాతవాళ్లలో మీరనుకునే తీరులో లేదు. జబ్బు చేస్తే, ఏ పాపం చేశావని అడగరు. చనిపోయినవారిలో ఎవరు నీ కోసం ఆశపడుతున్నారు, ఎవరికి ఆకలిగా ఉంది అని అడుగుతారు. పూనకం వచ్చిన ఆమె నోట చనిపోయినవారు మాట్లాడతారు, బతికున్నవారు వాళ్లతో వాదిస్తారు, ఏడుస్తారు, పొలం ఎవరికని తగవు కూడా పడతారు. ఒకసారితో తేలదు, ఏళ్ల తరబడి ఆ మాటలు సాగుతాయి. ఇప్పుడు మా ఊళ్లలో చాలామంది క్రైస్తవులు, ఆదివారం చర్చి. ఆ మాట్లాడటం చాలాచోట్ల ఆగిపోయింది. నాకు అందులో మిగిలిన ఒక్క విషయం, తగవు ఎవరితో ఉంటే వాళ్లతోనే మాట్లాడాలి అన్నది. అన్నదానంలో అన్నం తినేది ఎవరు? మా ఊరి వాళ్లు మీ గుడికి భోజనానికి వస్తారా?

మొత్తం లెక్క కట్టగలనని అనుకోకండి. ఏ సంచి ఎవరిదో ఇప్పుడు దేవుడు కూడా చెప్పలేడు. కాని ఒకటి అడుగుతాను. తాకట్టు వస్తువులు ఉన్నాయా? వెండి కంటెలు, కడియాలు, ఇత్తడి బిందెలు. అప్పుకు పెట్టి విడిపించుకోలేనివి. అవి ఇప్పటికీ ఎక్కడో ఒక పెట్టెలో ఉంటాయి, వాటికి పేరు ఉంటుంది. డబ్బు ఇస్తే ఊళ్లో పెద్దమనిషి దగ్గర ఆగిపోతుంది. ఫలానావారి కంటె మాత్రం వాళ్ల మనవరాలికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు.

పర్లాకిమిడి మాస్టారు

తమ్ముడూ, నీ మాటతో ఒకచోట తగవు పెట్టుకుంటాను. లెక్క కట్టలేమని వదిలెయ్యకూడదు. కట్టగలిగినంత కట్టాలి. ఆ ఏడాది అరవై ఎక్కడ, అరవై నాలుగు ఎక్కడ, అమ్మాయి ఇప్పటికే కట్టింది. వస్తువు ఇచ్చేసి తూకం డబ్బు దాచుకుంటే, అది కూడా సగం వ్రతమే.

గుణుపురం ఆడపడుచు

ఉంది. అమ్మ మంచం కింద ఇనప్పెట్టె. తాళం అమ్మ దగ్గర. నిన్న తెరిపించాను, చాలా మాటలయ్యాయి, అవి ఇక్కడ రాయను. కంటెలు, చేతి కడియాలు, రెండు ఇత్తడి బిందెలు, ఒక పట్టీ. అన్నిటికీ గుడ్డపీలికల మీద నాన్న చేతిరాతతో పేర్లు. కొన్ని చెదలు తినేశాయి.

మాస్టారూ, తూకం డబ్బు సంగతి ఇలా అనుకుంటున్నాను. నాన్న రాసిస్తే ఆ గది తీసుకుంటాను. వద్దంటే అది అన్నయ్యకు పోతుంది, ఎవరికీ ఏమీ చేరదు. దాని అద్దె మాత్రం నేను వాడను. ఆవర్జాలో పేరున్న ఊళ్లకు, ఆ పేర్లవారికి, వాళ్లు లేకపోతే పిల్లలకు. అన్నయ్య పిచ్చి అంటున్నాడు. పరువు పోతుందట. పోయే పరువు రాళ్లు మార్చినప్పుడే పోయింది కదా అన్నాను. రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

సీతంపేట అన్నగారూ, మీ సాయం కావాలి. నాన్న సవర పేర్లను తన చెవికి వినబడినట్టు తెలుగులో రాశారు. నేను చదివితే మా బడిలోని సవర పిల్లలు నవ్వుతున్నారు. ఊరి పేర్లు కూడా సగం అలాగే ఉన్నాయి.

సీతంపేట కొండ మీది నుంచి

నవ్వుతారు మరి. మాలో చాలామందికి పుట్టిన వారం పేరే పెడతారు. సోమవారం పుట్టినవాళ్లు ఒక్కో ఊళ్లో పదిమంది ఉంటారు. తండ్రి పేరు కూడా రాసి ఉన్న పీలికలు ముందు ఫోటో తీసి పెట్టండి, నేను, మా పెద్దమ్మ కలిసి చదువుతాం. తండ్రి పేరు లేనివి ఊరికి వెళ్లి వస్తువు చూపించి అడగవలసిందే. కంటె మీద పనిని బట్టి ముసలివాళ్లు ఎవరిదో గుర్తుపడతారు. చింతపండు దింపే రోజుల్లో మాత్రం వెళ్లకండి, ఇళ్లలో ఎవరూ ఉండరు.